వెంట్రుకవాసి

జూన్ 4, బుధవారం

కండక్టరమ్మ ఈరోజు మళ్ళీ వచ్చింది. నాలుగోసారి.

కొత్తగా కట్టుడు కాలు పెట్టించుకున్నవాళ్ళు సర్దించుకోడానికి రెండుసార్లు వస్తారు, మహా అయితే మూడుసార్లు వస్తారు. నాలుగోసారి వచ్చారంటే ఆ కాలు చేసిన మేస్త్రి తల దించుకోవాలి. నేను దించుకోలేదు సరికదా, పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. ఆవిడ వచ్చేది బుధవారాలు కనక. ఈ మాట ఇంకెక్కడా అనలేను. అందుకే ఈ పుస్తకం. కాళ్ళ కొలతలు రాసుకునే పుస్తకమే, వెనక పేజీ నుంచి మొదలెట్టాను. ముందు నుంచి కాళ్ళు, వెనక నుంచి నేను. మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళినప్పుడు, అచ్చులు ఆరే గంటలో రాసుకుంటాను.

జరిగింది జరిగినట్టు రాయాలి. డిపోలో వెనక్కి తీస్తున్న బస్సు చక్రం కింద ఆవిడ కుడికాలు పడింది. మోకాటి కింద జానెడు మిగిలింది. దానికి తడి ప్లాస్టరు పట్టీ చుట్టి అచ్చు తీసింది నేనే. అచ్చు తీశాక అందులో ప్లాస్టరు పోసి కాలి ఆకారం తీస్తాం, దాన్నీ అచ్చనే అంటాం, దాని దగ్గర మా పనిలో ఒక పద్ధతి ఉంది. చర్మం కింద ఎముక ఎక్కడ పొంగి ఉంటుందో, అక్కడ అచ్చు మీద కాస్త ప్లాస్టరు ఎక్కువ మెత్తుతాం. అచ్చు మీద ఎత్తయితే కాలు దూర్చుకునే గిన్నెలో అక్కడ గుంట పడుతుంది. ఎముక ఆ గుంటలో హాయిగా కూర్చుంటుంది. మోకాటి పక్కన బయటివైపు గోళీకాయంత ఎముక ఒకటుంటుంది. మొన్న చేరినవాడు కూడా దాన్ని మరిచిపోడు. నేను మరిచిపోయాను. ఆరోజు ఆవిడ తన బస్సులో ఒకాయన నిద్రపోయి మూడు ట్రిప్పులు అటూ ఇటూ తిరిగిన కథ చెప్పింది. చివరికి లేచి "ఇంకా బయల్దేరలేదా?" అని ఆవిడ మీదే కేకలేశాట్ట. ఆవిడ వెళ్ళిపోయాక కూడా అదే తలుచుకుని ఒక్కణ్ణే నవ్వుకుంటూ అచ్చు దిద్దాను. ఇరవై రెండేళ్ళ సర్వీసులో పని చేస్తూ నవ్వడం అదే మొదలు.

అది పొరపాటు. మనిషన్నాక చేస్తాడు. దానికి నాకేం బాధ లేదు.

రెండోసారి వచ్చి "ఇక్కడ నొక్కుతోంది" అనగానే నాకు తెలిసిపోయింది. ఆకురాయి తీసుకుని గిన్నె లోపల ఐదు నిమిషాలు అరగదీస్తే పోయే జబ్బు. అరగదీశాను. అరగదీస్తూ అరగదీస్తూ ఆపేశాను. వెంట్రుకవాసి మిగిల్చాను. ఆవిడ వేసుకుని రెండడుగులేసి "హమ్మయ్య, ప్రాణం లేచొచ్చింది మేస్త్రిగారూ" అంది. వారం తిరిగేసరికి మళ్ళీ కమిలింది. మూడోసారీ అంతే చేశాను. ఈరోజూ అంతే.

పూర్తిగా అరగదీస్తే గిన్నె పల్చబడి పగిలే ప్రమాదం కూడా ఉంది. అదొకటి.

జూన్ 5

గిన్నె పగలదు. దాని మీద ఏనుగు నిలబడినా పగలదు.

జూన్ 11, బుధవారం

మా వర్క్‌షాపు బయట బెంచీ మీద పదిమంది కూర్చుని ఉంటే, ఆవిడ కర్ర ఊపుతూ వచ్చి "జరగండి జరగండి, ముందుకు జరగండి, లోపల బోలెడంత ఖాళీ ఉంది" అని కేక పెట్టింది. కాళ్ళు లేనివాళ్ళు, వేళ్ళు లేనివాళ్ళు, పొద్దుట్నించీ ఏడుపు మొహాలతో కూర్చున్నవాళ్ళు, అందరూ నవ్వేశారు. చోటిచ్చారు కూడా.

లోపలికొచ్చి నా ఎదురుగా ఎత్తు కుర్చీలో కూర్చుంది. కాలు తీసి పక్కన పెట్టింది. మేజోడు తీసింది. ఆ ఎముక దగ్గర రూపాయి బిళ్ళంత మేర ఎర్రగా వాచి ఉంది.

"ఎలా ఉంది?" అన్నాను, కనపడుతూనే ఉన్నా.

"ఇంటి నుంచి బస్టాపు దాకా బంగారంలా నడుస్తుంది. అక్కణ్ణించి మొదలెడుతుంది దాని సణుగుడు. మీరు బాగానే చేస్తున్నారు మేస్త్రిగారూ, ఈ కాలే పెంకిది. అటు కాలు బుద్ధిమంతురాలు, ఇది చిన్నప్పట్నించీ ఇంతే. ఎక్కడ దెబ్బ తగిలినా దీనికే తగిలేది."

నేను కాదనలేదు. "కొత్తది కదా, చర్మం అలవాటు పడాలి. కూర్చోకుండా ఎక్కువసేపు నిలబడుతూ ఉండండి" అన్నాను. ఆ సలహా తప్పేం కాదు. పుస్తకాల్లో కూడా ఉంటుంది.

ఆగస్టు ముప్ఫయ్యిన ఆవిడకి డిపోలో పరీక్ష ఉందట. ఎనిమిది గంటలు నిలబడి డ్యూటీ చేయగలదని డిపో డాక్టరు సంతకం పెట్టాలి. పెట్టకపోతే బస్సు మీద పని పోయినట్టే. డిపోలో వెనక గది ఒకటుంది, జనం బస్సుల్లో మరిచిపోయిన సామాన్లు పెట్టే గది. అందులో కుర్చీ వేస్తారు.

"పద్దెనిమిదేళ్ళు మనుషుల మధ్య బతికినదాన్ని. రిటైరయ్యేదాకా ఆ గొడుగులతో ఏం మాట్లాడను చెప్పండి?" అంది. నవ్వుతూనే అంది.

ఆగస్టు చాలా దూరం. ఈలోగా ఎలాగూ సరిచేస్తాను.

జూన్ 18, బుధవారం

వచ్చింది. నలభై నిమిషాలు ఉంది.

జూన్ 19

పెద్దమేస్త్రి అడిగారు. నాకు పని నేర్పినాయన. చేతులు వణకడం మొదలై మూడేళ్ళయింది, ఆకురాయి పట్టలేరు. కిటికీ పక్కన కూర్చుని మా పనులు చూస్తుంటారు.

"ఆ కండక్టరమ్మ కాలు ఇంకా తెమలలేదేంట్రా?"

"చర్మం మరీ సున్నితం గురువుగారూ."

"సరే, నువ్వు చెప్పావంటే అంతే."

అంతే అని పేపరు చదువుకున్నారు. నన్నో దెబ్బ కొట్టినా బాగుండేది. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

జూన్ 25, బుధవారం

అక్క పట్టేసింది.

మా అక్కకి బావ పోయి పదిహేనేళ్ళు. అప్పట్నుంచి ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటున్నాం. పెళ్ళి చేసుకోరా అని మొదట్లో పోరింది, తరవాత తిట్టింది, ఆపైన నన్నొక పాత అలమారలాగా చూడటం అలవాటు చేసుకుంది. ఇవాళ పొద్దున్న నేను అద్దం ముందు మీసం కత్తిరించుకుంటుంటే గుమ్మంలో నిలబడి చూసింది.

"నలభై ఏడేళ్ళొచ్చాక మగాడు అద్దం ముందు ఇంతసేపు నిలబడ్డాడంటే, అయితే పిచ్చి పట్టి ఉండాలి, లేకపోతే ఆడమనిషి తగిలి ఉండాలి. ఏదిరా?"

"పిచ్చే" అన్నాను.

"అయితే పర్వాలేదు, మన వంశంలో ఉన్నదే" అని వెళ్ళిపోయింది. పది నిమిషాల తరవాత వంటింట్లోంచి అరిచింది. "ప్రతి బుధవారం పట్టే పిచ్చి ఏమిట్రా అది?"

కండక్టరమ్మ సంగతి చెప్పాను. సంగతి అంటే, ఫలానా ఆవిడ వస్తుందని, మాట సరదాగా ఉంటుందని, భర్త వదిలేసి తొమ్మిదేళ్ళయిందని, కూతురు హాస్టల్లో చదువుతోందని. మిగతాది చెప్పలేదు.

జూలై 2, బుధవారం, పొద్దున్న

ఈరోజు పూర్తిగా అరగదీసేస్తాను. ఒట్టు. ఆవిడ కబుర్ల కోసం ఆవిడకి నొప్పి పెట్టే మనిషిని కాను నేను. మా అమ్మ నాకు ఇలాంటి బుద్ధులు నేర్పలేదు.

అదే రోజు, మధ్యాహ్నం

ఆకురాయి చేతిలో ఉంది. గిన్నె ఒళ్ళో ఉంది. నాలుగు నిమిషాల పని. సగం అయింది.

అప్పుడంది ఆవిడ. కిటికీలోంచి చూస్తూ, మామూలుగా, ఎండ గురించి మాట్లాడినట్టు. "ఇల్లంతా గోడలే మేస్త్రీ. వారమంతా ఎవరితో మాట్లాడతాను? నిజం చెప్పొద్దూ, ఈ బుధవారం ఒకటి లేకపోతే నాకు మతిపోయేది." 'గారూ' తీసేసి మేస్త్రీ అంది. మొదటిసారి.

చెయ్యి ఆగిపోయింది.

ఆవిడకీ కావాలి కదా. ఇద్దరికీ కావలసినదాంట్లో పాపం ఎంత ఉంటుంది? సగమే ఉంటుంది.

జూలై 9, బుధవారం

వచ్చింది. కర్ర మీద బరువు ఎక్కువ వేస్తోంది. సన్నబడింది.

నాకు ఆకలి వెయ్యడం లేదు. ఆవిడ వచ్చేదాకా ఎప్పుడొస్తుందా అని గుమ్మం వైపే చూస్తుంటాను. వచ్చి మేజోడు విప్పుతుంటే, ఎప్పుడు వెళ్ళిపోతుందా అనిపిస్తుంది. అడకత్తెరలో పోకచెక్క అని ఊరికే అనలేదు పెద్దలు. కాకపోతే ఈ అడకత్తెర పట్టుకున్న చెయ్యి కూడా నాదే.

జూలై 13, ఆదివారం

అక్క ఊరుకుంటుందా? తనే వర్క్‌షాపుకి వచ్చి, ఆవిడ్ని పరిచయం చేసుకుని, ఈరోజు భోజనానికి పిలిచేసింది.

మాది రెండో అంతస్తు. ముప్ఫై నాలుగు మెట్లు. నేను కిందకి దిగి "పట్టుకోనా?" అన్నాను. "టికెట్ లేకుండా ఎవర్నీ పట్టుకోనివ్వను" అంది. ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే వెనక నిలబడి చూశాను. ఇరవయ్యో మెట్టు దగ్గర ఆగి, కడ్డీ పట్టుకుని, గోడ వైపు తిరిగి కళ్ళు మూసుకుంది. నేను చూస్తున్నానని గుర్తొచ్చి మొహం మార్చేసుకుంది.

భోజనాల దగ్గర అక్కా ఆవిడా నన్ను కాల్చుకు తిన్నారు. నేను చిన్నప్పుడు చెప్పులు కుడిది ఎడమకి, ఎడమది కుడికి వేసుకునేవాణ్ణని అక్క చెప్పింది. "అలాంటివాడి చేతిలో పెట్టానన్నమాట నా కాలు!" అని ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ గదిలో అంత నవ్వు ఎప్పుడు వినపడిందో నాకు గుర్తు లేదు. నాకిది కావాలి. రాసుకుంటున్నాను, నాకిది కావాలి. రోజూ కావాలి.

ఆవిడ కాసేపు కాలు తీసి పడుకుంది. మేజోడు ఉతికి ఆరేస్తానని అక్క తీసుకెళ్ళింది. తిరిగి వచ్చి నన్ను వంటింట్లోకి పిలిచి, తలుపు దగ్గరకి వేసి మేజోడు చూపించింది.

"ఒరేయ్, నీ చేతిపనికి వంక పెట్టేవాడు లేడంటారు. ఆ పిల్లకి రక్తం వస్తోందేంట్రా?"

"అలవాటు పడాలక్కా."

"రక్తానికి అలవాటు పడతారట్రా ఎవరైనా?"

జూలై 16, బుధవారం

ఆసుపత్రి డాక్టరు పుండు చూశాట్ట. ఇంతకాలం మానలేదంటే లోపల ఎముక చివర తేడాగా ఉంది, అందుకే బరువంతా ఈ పక్కకి పడుతోందన్నాట్ట. ఇంకో రెండంగుళాలు తీసేయాలన్నాట్ట.

"ఆగస్టు ఆరు ఖాయం చేసుకొచ్చాను. బుధవారమే అడిగి వేయించుకున్నాను, అలవాటైన రోజు కదా అని" అంది ఆవిడ. నవ్వబోయింది, రాలేదు. మొహం రెండు చేతుల్తో కప్పుకుంది. "పరీక్షకి ఇక వెళ్ళక్కర్లేదు. గొడుగులే నాకు గతి. మీరు ఇంత కష్టపడ్డారు మేస్త్రీ, నా కాలే మీ పేరు చెడగొట్టింది. ఏమనుకోకండి."

ఏమనుకోకండి అంది. నాతో.

జూలై 17

రెండంగుళాలు.

జూలై 18

గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చానన్నమాట. సామెతలు రాసినవాడు మా వర్క్‌షాపుకి ఎప్పుడొచ్చి వెళ్ళాడో.

జూలై 23, బుధవారం

అరగదీశాను. పూర్తిగా. గడియారం చూస్తూ అరగదీశాను. నాలుగున్నర నిమిషాలు.

రెండు నెలల రక్తం నాలుగున్నర నిమిషాల్లో పోయింది. వేలితో తడిమాను, గుంట నున్నగా, ఉండాల్సినంత లోతుగా ఉంది. ఆవిడతో "ఈసారి వేరేలా సర్దాను. పుండు మానేదాకా వారం రోజులు వేసుకోవద్దు. తరవాత వేసుకుని చూడండి. ఆపరేషనుకి ముందు ఒక్కసారి నా మాట వినండి" అన్నాను.

"మీ మాట ఎప్పుడు వినలేదు?" అంది.

జూలై 30, బుధవారం

నడిచింది. వర్క్‌షాపు ఈ గోడ నుంచి ఆ గోడకి, కర్ర లేకుండా, పదిసార్లు. పదకొండోసారి సగంలో ఆగిపోయి "మేస్త్రీ, నొప్పి ఏదీ? ఎక్కడ పెట్టారు?" అని వెతుక్కుంటున్నట్టు అటూ ఇటూ చూసింది. బెంచీ మీదవాళ్ళు చప్పట్లు కొట్టారు. పెద్దమేస్త్రి కిటికీ దగ్గర్నించి లేచి వచ్చి నా భుజం తట్టారు.

ఆపరేషన్ వద్దని అక్కణ్ణించే ఫోన్ చేసి చెప్పేసింది.

వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగింది. "కాలు కుదిరిపోయింది. ఇక నేను రావడానికి సాకు లేదే" అంది. నేను నోరు తెరిచే లోపు వెళ్ళిపోయింది. బయట కూడా కర్ర లేకుండానే నడిచింది.

చెప్పాలా? ఇప్పుడు చెప్పి ఏం లాభం? అంతా మంచే జరిగింది కదా.

జూలై 31

పెద్దమేస్త్రికి చెప్పేశాను. మొత్తం. ఆయన చాలాసేపు నా మొహంలోకి చూడలేదు. వణికే చేతులు ఒకదాని కింద ఒకటి పెట్టుకున్నారు.

"ఎవరికీ చెప్పకు" అన్నారు చివరికి. "మానిన పుండుని గోకితే ఎవరికి సుఖం? ఆవిడ నడుస్తోంది. ఈ వర్క్‌షాపు పేరు పోతే ఆ బెంచీ మీదవాళ్ళు ఎక్కడికి పోతారు? నోరు మూసుకుని పని చేసుకో. జన్మలో మళ్ళీ చెయ్యకు."

ఆయనే అన్నాక ఇంక నాదేముంది. ఇవాళ కడుపునిండా తిన్నాను.

ఆగస్టు 6, బుధవారం

ఆవిడ వచ్చింది! నొప్పి లేదు, సర్దాల్సింది లేదు, ఊరికే వచ్చింది. ఆపరేషన్ బల్ల మీద ఉండాల్సిన రోజున ఇక్కడ కూర్చుని టీ తాగుతూ, గంటన్నర కబుర్లు చెప్పింది.

నొప్పి లేకపోయినా వచ్చింది. అంటే మొదట్నించీ వచ్చేదేనేమో. వెంట్రుకవాసి మిగల్చకపోయినా వచ్చేదేనేమో. ఇది తలుచుకోకూడదు.

బెంచీ మీద వాచ్‌మన్ తాత ఉన్నాడు. జూలైలో ఆయనకి కాలు చేసిచ్చాను. నొక్కుతోందని సణుగుతుంటే ఆవిడ పక్కన కూర్చుని ఏదో చెబుతోంది, ఆయన బుద్ధిగా తల ఊపుతున్నాడు. చూడ్డానికి ముచ్చటేసింది. నా దగ్గరకి వచ్చేసరికి తాత "బానే ఉంది బాబూ" అని వెళ్ళిపోయాడు.

ఆగస్టు 10, ఆదివారం

అక్క వెళ్ళి మా పెళ్ళి సంగతి అడిగేసింది. నాకు చెప్పకుండా. ఆవిడ సిగ్గుపడలేదట, నవ్వలేదట. "పరీక్ష కానివ్వండి అక్కగారూ. సొంత కాళ్ళ మీద నిలబడ్డాక చెబుతాను" అందట.

ఈ మాట నేను నాలుగుసార్లు చెప్పించుకున్నా అక్క విసుక్కోలేదు. వెధవా, అదృష్టవంతుడివిరా అంది. కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

చెప్పను. ఎప్పటికీ చెప్పను. అంత మంచిగా చూసుకుంటాను. ఒక తప్పుకి బదులు ముప్ఫై ఏళ్ళు మంచిగా చూసుకుంటే సరిపోదా? సరిపోతుంది.

ఆగస్టు 13, బుధవారం

చెప్పేశాను.

వరసగా రాయాలి.

వాచ్‌మన్ తాత వచ్చాడు. ఇద్దరు పట్టుకుని తీసుకొచ్చారు. జ్వరం. కాలు తీశాను, మేజోడు అంటుకుపోయి ఉంది, నీళ్ళతో తడిపి తీశాను. ఎముక దగ్గర లోతుగా పుండు, చీము, వాసన. ఆయన కాలు బాగా చిక్కిపోయి గిన్నెలో కిందకి జారి కూర్చుంటోంది, అంతే. వారం ముందు తాత నిజం చెప్పి ఉంటే దళసరి మేజోడుతో పోయేది.

"ఎందుకు చెప్పలేదు తాతా? మొన్న బానే ఉందన్నావు కదా!" అని కేకలేశాను.

"ఆ కండక్టరమ్మ చెప్పింది బాబూ. మేస్త్రి చేతిలో తప్పుండదు, కాలే నేర్చుకోవాలి, తనకీ రెండు నెలలు రక్తం వచ్చిందీ, ఓర్చుకుంది కాబట్టి ఇప్పుడు పరిగెడుతోందీ అని. నేనూ ఓర్చుకున్నా."

ఆవిడ అక్కడే ఉంది. బెంచీ దగ్గర్నించి గబగబా లోపలికొచ్చింది. పుండు చూసి బెదిరిపోయి కూడా "ఏం కాదు తాతా, మేస్త్రి ఉన్నారుగా" అని ఆయన తల నిమురుతోంది.

అప్పుడు వచ్చింది నా నోట్లోంచి. పెద్దమేస్త్రి "ఒరేయ్" అంటున్నా ఆగలేదు.

"మీ కాలు తప్పేం లేదు. ఎప్పుడూ లేదు. మొదట నేను మరిచిపోయాను. తరవాత కావాలనే వదిలేశాను. మీరు మళ్ళీ రావాలని."

ఆవిడకి అర్థం కాలేదు. "ఏం వదిలేశారు?" అంది.

ఆకురాయి తీసి చూపించాను. "నాలుగున్నర నిమిషాల పని. చెయ్యకుండా ఉన్నాను."

ఆవిడ చెయ్యి తాత తల మీద అలాగే ఉంది. తరవాత అడిగింది, "ఎన్నిసార్లు?"

"తొమ్మిది."

"ఇక్కడికి వచ్చేటప్పుడు బస్సులో ఎప్పుడూ ఎవరో ఒకరు లేచి సీటిచ్చేవాళ్ళు. నేను కూర్చునేదాన్ని కాదు. నిలబడమని మీరు చెప్పారని." గొంతు పెంచలేదు. "ఇంటికెళ్ళాక దీన్ని తిట్టేదాన్ని. కొట్టేదాన్ని కూడా. నా కాలుని నేనే కొట్టుకున్నాను మేస్త్రిగారూ."

గారూ మళ్ళీ చేరింది.

వంగి తాత చెవిలో, అందరికీ వినపడేలా చెప్పింది. "నేను చెప్పింది తప్పు తాతా. నొప్పెడితే గట్టిగా కేకెయ్యి. ఎవరు చెప్పినా ఓర్చుకోకు." వెళ్ళిపోయింది.

ఆగస్టు 14

అక్కకి నేనే చెప్పాను. కంచం పెట్టింది. అవతలి గదిలోకి వెళ్ళిపోయింది.

ఆగస్టు 21

ఆవిడ ఎవరికీ ఫిర్యాదు చెయ్యలేదు. చేసి ఉంటే పిలిచేవాళ్ళు, తిట్టేవాళ్ళు, తీసేసేవాళ్ళు. ఏదో ఒకటి అయ్యేది.

నేనే రాజీనామా రాసి పెద్దమేస్త్రి చేతికిచ్చాను. ఆ కాగితం ఆయన చేతిలో గాలికి ఊగినట్టు ఊగింది. "చూశావుగా ఈ చేతులు" అన్నారు. "కొత్తవాడికి ఎముకకీ కండకీ తేడా తెలియడానికి రెండేళ్ళు పడుతుంది. బయట ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టి రా. పారిపోవడం నీకు హాయిగానే ఉంటుంది." కాగితం చింపబోయారు, చేతులు సహకరించలేదు. నేనే చింపాను.

తాత పుండు మానుతోంది.

సెప్టెంబర్ 2

ఆవిడ పరీక్ష నెగ్గింది. తాత చెప్పాడు. ఎనిమిది గంటలూ నిలబడిందట. పెద్ద బస్టాండు రూట్లో వేశారట. నేను ఆ రూట్లో వెళ్ళడం మానేశాను.

అక్క మాట్లాడుతోంది. ఉప్పు ఉందా, తలుపు వేశావా, అంతవరకు.

అక్టోబర్ 8

బుధవారం. ఏమీ లేదు.

నవంబర్ 20, గురువారం

వచ్చింది.

తలెత్తితే గుమ్మంలో ఉంది, యూనిఫాంలో. రావాల్సిందే, నేనెందుకు ఆలోచించలేదో. కాలు పోయిన మొదటి ఏడాది ఎవరికైనా కండ తగ్గుతూ ఉంటుంది, గిన్నె వదులవుతుంది, కొత్తది చెయ్యాలి. నన్ను దాటి తిన్నగా పెద్దమేస్త్రి దగ్గరకి వెళ్ళింది. "మీరు చెయ్యండి" అంది.

ఆయన ప్రయత్నించారు. తడి పట్టీ రెండు చుట్లు వేశారు. మూడో చుట్టుకి చేతిలోంచి జారి నేల మీద పడింది. ఆవిడే తీసి ఇచ్చింది. మళ్ళీ పడింది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇంకెక్కడ చేస్తారు?"

"రైల్లో రోజున్నర ప్రయాణం అమ్మా. ఒకసారి వెళ్తే చాలదు. నాలుగైదు నెలలకోసారి వెళ్ళాలి. జీవితాంతం."

ఆవిడ కాసేపు ఆ పట్టీ వైపు చూస్తూ కూర్చుంది. తరవాత లేచి, వచ్చి, నా ఎదురుగా ఎత్తు కుర్చీలో కూర్చుంది. కాలు తీసింది. మేజోడు తీసింది. మిగిలిన ఆ జానెడు కాలూ నా మోకాలి మీద పెట్టింది.

"చెయ్యండి. చేసే ప్రతీదీ పైకి చెప్పి చెయ్యండి. నేను చూస్తుంటాను."

చెప్పాను. పెన్సిలుతో గుర్తు పెడుతూ చెప్పాను. ఇది ఎముక. ఇక్కడ గుంట ఉండాలి. ఇది కండ, ఇక్కడ నొక్కినా పర్వాలేదు. ఇది మోకాటి పక్క ఎముక, ఇక్కడ నేను...

"ఆగారేం? చెప్పండి."

"ఇక్కడ మరిచిపోయాను."

"ఇంకోసారి."

"ఇక్కడ మరిచిపోయాను. తరవాత కావాలని వదిలేశాను."

"ఊఁ. కానివ్వండి."

గంటసేపు నా మొహంలోకి ఒక్కసారి కూడా చూడలేదు. నా చేతుల మీదే ఉన్నాయి కళ్ళు. ఒక్క కబురు చెప్పలేదు. పట్టీ ఆరాక అచ్చు తీసి ఇస్తే, లోపల వేలు పెట్టి తనే తడిమి చూసుకుంది. అచ్చు దిద్దేటప్పుడు తను పక్కనే ఉండాలంది. రేపు పదింటికి వస్తానంది.

వర్క్‌షాపులో అందరూ భోజనానికి వెళ్ళారు. ఆవిడ అచ్చు నా ముందు ఆరుతోంది. రేపు వస్తుంది. నాలుగు నెలలకి మళ్ళీ వస్తుంది. ఆ తరవాతా వస్తుంది, నా చేతులు పనిచేసినన్నాళ్ళూ వస్తూనే ఉంటుంది. ఆవిడ రావాలనే కదా ఇదంతా చేశాను. ఇప్పుడు వస్తుందంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు.